పాట విన్నప్పటి ‘పర్యుత్సుకత’కు తెలుగు మాట ఏది?

పాట వినగానే మనసులో కదిలే కలతకు తెలుగులో సరైన పేరుందా అని కిందటి వారం మన సమూహంలో ఒకరు అడిగారు. జ్ఞాపకం అని కొందరూ, అనుభూతి అని కొందరూ జవాబిచ్చారు. జ్ఞాపకమంటే ఏది గుర్తొచ్చిందో చెప్పగలగాలి. అనుభూతి అంటారా, అది కడుపునిండా భోంచేసినా కలిగేదే. ఈ ప్రశ్నకు కాళిదాసు ‘అభిజ్ఞాన శాకుంతలం’ అయిదో అంకంలోని శ్లోకం దారి చూపుతుందని తోచి, దాన్ని చర్చకు పెడుతున్నాను.

రమ్యాణి వీక్ష్య మధురాంశ్చ నిశమ్య శబ్దాన్
పర్యుత్సుకో భవతి యత్సుఖితోఽపి జంతుః |
తచ్చేతసా స్మరతి నూనమబోధపూర్వం
భావస్థిరాణి జననాంతరసౌహృదాని ||

అందమైనవాటిని చూసి, ఇంపైన శబ్దాలు విని, సుఖంగా ఉన్న ప్రాణి కూడా పర్యుత్సుకమవుతున్నదంటే (ఆరాటంతో కలతపడుతున్నదంటే), లోలోపల పాతుకుపోయిన వెనకటి జన్మల చెలిమిని దాని మనసు తనకు తెలియకుండానే తలచుకుంటున్నదన్నమాట.

సందర్భం తెలిస్తే గాని ఈ శ్లోకం బరువు తెలియదు. దూర్వాసుని శాపం వల్ల దుష్యంతుడు శకుంతలను పూర్తిగా మరిచిపోయి ఉన్నాడు. విదూషకుడితో కూర్చుని ఉండగా సంగీతశాల నుంచి ఆయన రాణుల్లో ఒకరైన హంసపదిక పాట వినిపిస్తుంది: కొత్త తేనెకు ఆశపడి మామిడి పూగుత్తిని ముద్దాడిన తుమ్మెదా, తామరలో చోటు దొరకగానే దాన్ని ఎలా మరిచావు? తనను ఒకసారి వలచి వదిలేసినందుకు హంసపదిక ఎత్తిపొడుస్తున్నదని రాజుకు వెంటనే అర్థమవుతుంది. ఆమెను సముదాయించి రమ్మని విదూషకుణ్ణి పంపుతాడు కూడా. పాటలోని మాటలతో రాజుకున్న పని అక్కడితో తీరిపోయింది. అయినా మనసు కుదుటపడదు. ఇష్టజనుల ఎడబాటేదీ లేకపోయినా నాకింత ఉత్కంఠ ఎందుకని తనను తాను ప్రశ్నించుకుని, ఆ తరువాత ఈ శ్లోకం చెబుతాడు. శబ్దమంటే మాట అనే అర్థమూ ఉన్నది గాని, కంటికి అందే రమ్యమైనవాటి పక్కన నిలబెట్టాడు కాబట్టి, ఇక్కడ చెవికి అందే ధ్వని అనే నేను తీసుకుంటున్నాను.

తెలుగు పాఠకుడికి చిక్కు ఇక్కడే వస్తుంది. ఆఖరి ఓవర్ వరకు ఉత్కంఠ అని పత్రికల్లో చదివే మనకు, ఆ మాటకు మెడ నిక్కించి ఎదురుచూసేంత తపన అనే అర్థముండేదని తట్టదు. విరహోత్కంఠిత అనే నాయిక పేరులో, అంటే కూచిపూడి నేర్చుకునే పిల్లల నోట, ఆ పాత అర్థం ఇంకా బతికే ఉంది. ఉత్సుకత కూడా అంతే: మనకది ఆసక్తి, కాళిదాసుకు నిలవనివ్వని ఆరాటం. కాబట్టి పర్యుత్సుకతను తెచ్చి యథాతథంగా తెలుగులో పెడితే ఒట్టి కుతూహలంగా మిగులుతుంది.

నా అనుభవం ఒకటి చెబుతాను. ఈమధ్య ఆటోలో పోతుండగా పక్కన కూర్చున్న పెద్దాయన ఫోన్‌లో ఆకాశవాణి సంకేత సంగీతం మోగింది. చెకోస్లొవాకియా నుంచి బొంబాయి వచ్చిన వాల్టర్ కాఫ్‌మన్ 1930లలో శివరంజని రాగఛాయలో కట్టిన బాణీ అది. అందులో మాటలే లేవు. గొంతులో ఏదో అడ్డుపడినట్టయింది. ఎందుకో తెలియలేదు. రెండు వీధులు దాటాక గాని అమ్మమ్మ ఇంటి పెరడు కళ్లముందుకు రాలేదు: నూతి గిలక కిర్రుమనడం, తడిసిన చేదతాడు, వసారా గూట్లో తెల్లవారుజామునే మోగే రేడియో. ముందు కలత, ఆ తరువాతే గుర్తు. కాళిదాసు ‘అబోధపూర్వం’ (తనకు తెలియకుండానే) అన్న మాటను నేను చదివి తెలుసుకున్నదానికంటే ఆ రెండు వీధుల దూరంలో తెలుసుకున్నదే ఎక్కువ.

దీనికి ‘బెంగ’ సరిపోతుందని నా ప్రతిపాదన. సభ్యుల అభిప్రాయం కోరుతున్నాను.

స్పందన:

అయ్యా, శ్లోకాన్ని చక్కగా విప్పారు గాని బెంగ అతకదు. అమ్మ మీద బెంగ, ఊరి మీద బెంగ అంటాము; ‘మీద’ లేకుండా ఆ మాట నిలబడదు. మా కరీంనగర్ వైపు ‘మనాది’ అనే మాట ఉంది. బిడ్డను అత్తగారింటికి పంపిన తల్లి మనాది పెట్టుకున్నదంటారు. అది బెంగకంటే లోతైనదే గాని, దానికీ ఎవరో ఒకరు ఉండాలి. ‘యాదికి వచ్చుడు’ అన్నా అంతే, ఏది యాదికొచ్చిందని వెంటనే అడుగుతారు. మీరు చెప్పిన రెండు వీధుల దూరానికి ఈ మాటలేవీ సరిపోవు.

నా జవాబు:

మీరు పట్టుకున్నది అసలైన మెలిక, నా ప్రతిపాదనను వెనక్కి తీసుకుంటున్నాను. నాట్యశాస్త్రానికి వ్యాఖ్యానం రాసిన అభినవగుప్తుడు కూడా ఈ శ్లోకాన్ని ఎత్తుకుని, ఇక్కడి స్మృతి తార్కికులు చెప్పే స్మృతి కాదనీ, ముందెన్నడూ అనుభవించిన వస్తువు దీనికి లేదనీ అంటాడు. నా నూతి గిలక విషయంలో నేనాయనతో పూర్తిగా ఏకీభవించలేను గాని, వస్తువు కనబడకముందే కలత పుడుతుందన్న వరకు మీరిద్దరూ చెప్పింది ఒకటే.

నామవాచకాల కోసం వెతకడమే నేను చేసిన పొరపాటని ఇప్పుడనిపిస్తున్నది. పాట వింటూ ఒక్కసారిగా మౌనంగా అయిపోయిన మనిషిని ఏమైందని అడిగితే, మనవాళ్లు ‘ఏమీ లేదు, మనసు అదోలా ఉంది’ అంటారు. ‘అదొకలా’ అనేదే నోట్లో అరిగి అదోలా అయింది. దానికి ‘మీద’ అక్కర్లేదు. ‘అది’ అని వేలెత్తి చూపుతుంది గాని ఆ వేలికి ఎదురుగా ఏదీ ఉండదు. నిఘంటువుల్లో గౌరవస్థానం లేని మాటే అయినా, పర్యుత్సుకతకు ఇంతకంటే దగ్గరిది నాకు దొరకలేదు.

ఆరో అంకంలో జాలరికి దొరికిన ఉంగరం రాజు చేతికి చేరాక అన్నీ గుర్తొచ్చి, దుష్యంతుడు వసంతోత్సవాన్నే ఆపించి కుమిలిపోతాడు. అప్పటిది శకుంతల మీద బెంగ, కావాలంటే మీ మనాది. హంసపదిక పాట విన్న పూట మాత్రం ఆయనకు అదోలా ఉంది, అంతే.