పళ్ల ఎక్స్‌రేతో శవాన్ని గుర్తుపట్టొచ్చా? తెలిసినవాళ్లు చెప్పండి

మాది రాజోలు దగ్గరండి. వరదల్లో వశిష్ఠ పాయలో పడవ బోల్తాపడి మా పెదనాన్న గల్లంతయ్యారు. మొన్న అంతర్వేది ఒడ్డుకి ఒక శవం కొట్టుకొచ్చింది, ముఖం, వేలిముద్రలు ఏమీ మిగల్లేదు. డీఎన్‌ఏకి కొడుకు రక్తం కావాలంటున్నారు, అన్నయ్యేమో కువైట్‌లో, సెలవు ఎప్పుడు దొరుకుతుందో.

పెదనాన్నకి ఎడమవైపు కింది దవడ పన్నుకి రూట్ కెనాల్ చేసి క్యాప్ వేశారు. ఆ చిన్న ఎక్స్‌రే ఫిల్ము పెద్దమ్మ బీరువాలో మందుల చీటీతో సహా భద్రంగా ఉంది. 2004 సునామీలో థాయ్‌లాండ్‌లో చాలామందిని పళ్ల రికార్డులతోనే గుర్తించారు, ఇంటర్‌పోల్ కూడా వేలిముద్రలు, డీఎన్‌ఏతో పాటు పళ్లనీ ప్రధాన ఆధారంగానే చూస్తుంది. ఇక్కడేమో లుంగీ గళ్లు, పుట్టుమచ్చలు అడుగుతున్నారు గానీ పళ్ల ఊసే ఎత్తట్లేదు (గళ్ల లుంగీ కోనసీమలో ఎవరికుండదు?).

ఈ ఫిల్ము ఎస్సై గారికివ్వాలా, పోస్ట్‌మార్టం డాక్టరుగారికా? ఒరిజినలే ఇచ్చేస్తే పోతుందేమోనని భయం. శవం దవడని అదే కోణంలో ఎక్స్‌రే తీసి పోల్చాలి కదా, ఆ పని చేసే డెంటల్ డాక్టర్లు కాకినాడ, విశాఖ వైపు ఎవరైనా ఉన్నారా? అన్నయ్య బదులు పెదనాన్న సొంత తమ్ముడైన మా నాన్న రక్తం ఇస్తే డీఎన్‌ఏకి సరిపోతుందా? అనాథ శవమని ఖననం చేసేస్తారేమోనని టెన్షన్‌గా ఉంది, దాన్ని ఆపమని అర్జీ ఎవరికి పెట్టాలో కూడా చెప్పండి ప్లీజ్.