జనవరి చలిలో కుక్కతో బెర్లిన్ నుంచి టాంపెరేకి: రోడ్డు మీదా, ఓడ మీదా?

గుండు వాళ్లమ్మ
పది రోజులుగా మా ఇంట్లో ఇదే గొడవ. ఇక తేలేలా లేదని మీ ముందు పెడుతున్నాను. మా ఆయనకి ఫిన్లాండ్‌లోని టాంపెరేలో ఉద్యోగం వచ్చింది. ఫిబ్రవరి మొదటి వారంలో చేరాలి. బెర్లిన్ ఇల్లు జనవరి నెలాఖరుకి ఖాళీ చేయాలి. సామాను లారీలో పోతుంది. మేమిద్దరం, మా గుండు కార్లో వెళ్తాం. గుండుకి ఏడేళ్లు, 24 కిలోలు. షెల్టర్ నుంచి తెచ్చుకున్నాం, ఏ జాతో ఎవరికీ తెలీదు. పొట్టి బొచ్చు, కాస్త చలిగాలి తగిలితే చాలు వణుకుతాడు.

ఆయన ప్లాన్: వార్సా (పోలండ్), కౌనాస్ (లిథువేనియా), రీగా (లాట్వియా) మీదుగా టాలిన్ (ఎస్టోనియా) దాకా సుమారు 1,550 కిలోమీటర్లు కార్లో, అక్కణ్ణుంచి హెల్సింకికి రెండు గంటల ఓడ. నా ప్లాన్: లూబెక్ పక్కనున్న ట్రావెముండె దాకా 300 కిలోమీటర్లు నడిపి, అక్కడ ఓడెక్కి నేరుగా హెల్సింకిలో దిగడం. 30 గంటలు పడుతుంది, కుక్కల్ని రానిచ్చే క్యాబిన్లు ఉన్నాయి. ఆయనేమో అది గుండుకి జైలు అంటారు. మంచు రోడ్డు మీద మూడు రోజులు తిప్పడమే జైలు అని నేనంటాను.

చెప్పాల్సినవి ఇంకో రెండున్నాయి. నాది ఇండియా లైసెన్సు. జర్మనీలో స్థిరపడ్డ ఆర్నెల్లకే దానికి కాలం చెల్లింది, మళ్లీ పరీక్ష రాయలేదు. కాబట్టి నడిపేది ఆయనొక్కరే. రెండోది, గుండు మట్టి మీదో గడ్డి మీదో తప్ప ఇంకెక్కడా ఒంటికి వెళ్లడు. విమానం మాట ఎత్తకండి, కార్గోలో పంపనని ముందే ఒట్టు పెట్టుకున్నాను.

రాత్రిబండి
మీ ఆయనకే నా ఓటు అక్కా. ఆ రోడ్డు మీద, అంటే ఈ67 మీద, రెండు శీతాకాలాలు వెళ్లొచ్చాను, రెండుసార్లూ వెనక సీట్లో కుక్క ఉంది. దారి పొడుగునా ఊళ్లు, బంకులు ఉంటాయి. రెండు గంటలకోసారి ఆపి, దింపి, పది నిమిషాలు తిప్పి మళ్లీ ఎక్కించుకోవచ్చు. ఓడలో ఈ స్వేచ్ఛ ఎక్కడిది? మొదటి రాత్రి వార్సా, రెండో రాత్రి రీగా, మూడో రోజు సాయంత్రానికి టాలిన్. ఒక్కడే నడిపేటట్టయితే కౌనాస్‌లో ఇంకో రాత్రి ఆగండి. తొందరేముంది?

చిత్రగుప్తుడు
తొందరేముందా? ఆ మాట ఫిన్లాండ్‌కి వెళ్లేవాళ్లతో అనకు తమ్ముడూ. ఒంట్లో గుర్తింపు చిప్, రేబిస్ టీకా, ఈయూ పెట్ పాస్‌పోర్ట్ ఉంటే యూరప్‌లో చాలా దేశాలకి సరిపోతుంది. ఫిన్లాండ్ ఇంకొకటి అడుగుతుంది. దేశంలో అడుగుపెట్టడానికి కనీసం 24 గంటల ముందు, 120 గంటలు దాటకుండా, కుక్కకి వెట్ (పశువుల డాక్టరు) చేతుల మీదుగా బద్దెపురుగు మందు పడాలి. ప్రాజిక్వాంటెల్ అనే మందు. తేదీతో పాటు టైము కూడా పాస్‌పోర్ట్‌లో రాయించాలి. నక్కల నుంచి వచ్చే ఒక రకం బద్దెపురుగు ఫిన్లాండ్‌లో లేదు, జర్మనీలో ఉంది. మనిషికి సోకితే కాలేయాన్ని తినేస్తుంది. అందుకే అంత పట్టింపు.

రాత్రిబండి చెప్పినట్టు కౌనాస్‌లో ఒక రాత్రి, మంచు తుఫానుకి ఇంకో రాత్రి ఆగారనుకోండి, 120 గంటలు కళ్ల ముందే కరిగిపోతాయి. ట్రావెముండె ఓడలో ఆ టెన్షన్ లేదు. ముందురోజు మందు, మర్నాడు ఓడ.

రాత్రిబండి
> 120 గంటలు కళ్ల ముందే కరిగిపోతాయి

కరిగితే కొంపేం మునగదు గురువుగారూ. టాలిన్‌లో వెట్ దొరకరా? మళ్లీ మందు వేయించి, 24 గంటలు అక్కడే ఉండి ఓడెక్కడమే. పోయేది ఒక హోటల్ రాత్రి. నిజంగా చూసుకోవాల్సింది టైర్లు.

టైరుశాస్త్రి
నన్ను పిలిచినట్టే ఉంది! లిథువేనియాలో నవంబర్ 10 నుంచి మార్చి 31 దాకా, లాట్వియా, ఎస్టోనియాల్లో డిసెంబర్ 1 నుంచి మార్చి 1 దాకా చలికాలం టైర్లు తప్పనిసరి. మంచు పడినా పడకపోయినా సరే. జర్మనీలో రోడ్డు పరిస్థితిని బట్టి వేయాలి, కానీ 2024 అక్టోబర్ నుంచి కొండ, మంచు రేకు గుర్తున్న టైర్లే చెల్లుతాయి. ఉత్త ఎం ప్లస్ ఎస్ (బురద, మంచు) అనే పాత గుర్తే ఉంటే కుదరదు.

చాలామంది బోల్తా పడేది ఇక్కడ: జర్మనీ చట్టానికి టైరు గాడి 1.6 మిల్లీమీటర్లుంటే చాలు. లాట్వియాలో చలికాలం టైరుకి 4 ఉండాలి. ఫిన్లాండ్, స్వీడన్‌లలో 3. బెర్లిన్‌లో "ఇంకో సీజన్ వస్తుందిలే" అనుకున్న టైరు రీగాలో జరిమానా టైరు అవుతుంది. ఇక మేకుల టైర్లు వేసుకుందాం అని మీ ఆయనకి ఎవరైనా సలహా ఇస్తే వినొద్దు. ఫిన్లాండ్‌లో అవి మామూలే, జర్మనీ, పోలండ్ రోడ్ల మీద నిషేధం.

అద్దం కడిగే నీళ్లు కూడా మార్చండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, లారీ వెనకాల పోతుంటే ఉప్పు బురద అద్దం మీద పడి, చిమ్మే నీళ్లు గడ్డకట్టినప్పుడు తెలుస్తుంది.

ఓడలరేవు
నేను ట్రావెముండె ఓడలో మా ఆడకుక్కతో వెళ్లాను కాబట్టి ఉన్నదున్నట్టు చెప్తాను. క్యాబిన్ బాగుంది, కింద గచ్చు నేల, కిటికీ కూడా ఉంది. మా ఇద్దరికీ మంచి నిద్ర పట్టింది. కార్ల అంతస్తు ప్రయాణంలో మూసేస్తారు, కాబట్టి మందులు, తిండి, దుప్పటి అన్నీ ముందే పైకి తెచ్చుకోవాలి. సముద్రం కాసేపు ఊగింది, అది తిన్నది కక్కేసింది, తర్వాత సర్దుకుంది.

కష్టమైంది ఒక్కటే. పైన డెక్ మీద ఓ మూల కుక్కల కోసం చోటు పెట్టారు. బయట ఈదురుగాలి, కింద ఇనుప నేల, ఎదురుగా ముక్కూమొహం తెలీని కుక్కల వాసన. మాది 19 గంటలు బిగబట్టింది. అయిదుసార్లు తీసుకెళ్లాను, అయిదుసార్లూ నా మొహం చూసి తోక ముడిచింది. అయినా మళ్లీ వెళ్లాల్సొస్తే ఓడలోనే వెళ్తాను, డ్రైవింగ్ అలసటతో పోలిస్తే అది నయం.

గుండు వాళ్లమ్మ
19 గంటలా! ఇప్పటిదాకా ఓడే కరెక్ట్ అని ఇంట్లో వాదించింది నేను. ఇది చదివాక నోరు పడిపోయింది. ఆయన పక్కనే కూర్చుని నవ్వుతున్నారు.

వేసవిపక్షి
నాకొకటి అర్థం కాదు. చలికి వణికే కుక్కని చలికాలంలో ఉత్తరానికి ఎందుకు లాక్కెళ్లడం? మే నెలదాకా బెర్లిన్‌లో ఎవరైనా ఫ్రెండ్ దగ్గర ఉంచండి. లేదంటే అర మాత్ర మత్తుమందు వేసి పడుకోబెట్టండి, ఏ రోడ్డయినా ఒకటే.

గుండు వాళ్లమ్మ
నాలుగు నెలలు వదిలేసి వెళ్లడానికి వాడేమన్నా సోఫానా అండీ?

చిత్రగుప్తుడు
వదిలేస్తే చట్టం కూడా అడ్డొస్తుంది. యజమాని ప్రయాణానికి అటూ ఇటూ అయిదు రోజుల్లోపు కుక్క దేశం మారితేనే అది పెంపుడు జంతువు ప్రయాణం. మే నెలలో ఇంకెవరో తీసుకొస్తే వ్యాపార రవాణా రూల్స్ పడతాయి. మీరే వెనక్కొచ్చి తీసుకెళ్లాలి.

తెల్లకోటు
జంతువుల క్లినిక్‌లో పనిచేస్తాను. మత్తుమందు మాట వినగానే రాయకుండా ఉండలేకపోయాను. ప్రయాణానికని వేసే పాత రకం మత్తుమందులు రక్తపోటు తగ్గిస్తాయి, ఒంటి వేడిని కాపాడుకునే శక్తిని దెబ్బతీస్తాయి. చలికాలంలో పొట్టి బొచ్చు కుక్కకి అంతకంటే చెడ్డ సమయం లేదు. పైగా కుక్క మెదలకుండా పడుంటుంది గానీ లోపల భయం అలాగే ఉంటుంది. వాంతులు సమస్యయితే దానికి వేరే మందుంది, మీ వెట్‌ని అడగండి.

చలి గురించి జనం అనవసరంగా భయపడతారు. కారు నడుస్తుంటే లోపల వెచ్చగానే ఉంటుంది. ప్రమాదం ఆగినప్పుడు. ఇద్దరూ కాఫీకని దిగి కుక్కని కార్లో ఉంచితే, మైనస్ పదిలో ఆ కారు కాసేపట్లో ఫ్రిజ్ అయిపోతుంది. ఒకరు దిగితే ఒకరు ఉండండి. బంకుల దగ్గర రోడ్డు మీద చల్లే ఉప్పు పాదాల్ని మండిస్తుంది, అవి నాక్కుంటే కడుపు పాడవుతుంది. ఎక్కించేముందు గోరువెచ్చటి నీళ్లతో తుడవండి. ఇంజన్ నీళ్లు గడ్డకట్టకుండా కలిపే యాంటీఫ్రీజ్ కింద కారితే, తియ్యగా ఉంటుందని కుక్కలు నాకుతాయి. కొంచెమైనా కిడ్నీలు పోతాయి. బయలుదేరడానికి మూడు నాలుగు గంటల ముందే తిండి పెట్టేయండి. వెనక సీట్లో ఊరికే వదలకండి, హార్నెస్ బెల్టయినా, కట్టేసిన బోనయినా ఉండాలి. జర్మనీ చట్టం ప్రకారం కుక్క కూడా సామానే, భద్రంగా కట్టాల్సిందే.

నడిమిదారి
అందరూ రెండు దారుల గురించే కొట్టుకుంటున్నారు. మూడోది ఉంది కదా. బెర్లిన్ నుంచి రోస్టాక్ 230 కిలోమీటర్లు. అక్కడ ఆరు గంటల ఓడ, స్వీడన్‌లోని ట్రెల్లెబోర్గ్‌లో దిగుతారు. అక్కణ్ణుంచి స్టాక్‌హోమ్ 640 కిలోమీటర్లు, మధ్యలో యోన్‌షోపింగ్‌లో పడుకుంటే చెరిసగం. స్టాక్‌హోమ్‌లో రాత్రి ఓడెక్కితే పదకొండు గంటల్లో, తెల్లారేసరికి ఫిన్లాండ్‌లోని తుర్కు ఊళ్లో ఉంటారు.

అక్కా, ఒక్కటి చెప్పండి. గుండు ఇంట్లో రాత్రి ఎన్ని గంటలు ఆగుతాడు?

గుండు వాళ్లమ్మ
పదింటికి పడుకుంటే పొద్దున ఎనిమిదింటికి లేస్తాడు. ఆదివారాలైతే తొమ్మిది.

నడిమిదారి
మరింకేం. స్టాక్‌హోమ్ రేవులో గడ్డి మీద తిప్పి ఎక్కించండి, తుర్కులో దిగగానే మళ్లీ గడ్డి, సారీ, మంచు. వాడికది మామూలు రాత్రే. పైగా తుర్కు నుంచి టాంపెరే 165 కిలోమీటర్లే, హెల్సింకి కంటే దగ్గర. మొత్తం డ్రైవింగ్ వెయ్యి పైచిలుకు, అదీ నాలుగు ముక్కలుగా.

రాత్రిబండి
ఆరు గంటల ఓడ ఎందుకు? డెన్మార్క్ వంతెనల మీదుగా పోతే ఒక ఓడ తగ్గుతుంది.

చిత్రగుప్తుడు
గుండు ఏ జాతో తెలీదన్నారు, గమనించావా? డెన్మార్క్ 2010లో 13 జాతుల్ని, వాటి సంకరాల్ని నిషేధించింది. అనుమానం వస్తే కాదని నిరూపించుకోవాల్సింది యజమాని. దారిన పోయేవాళ్లకి మినహాయింపు ఉంది గానీ, చేతిలో కాగితం లేని షెల్టర్ కుక్కతో ఆ వాదన రోడ్డు పక్కన ఎందుకు? రోస్టాక్ ఓడ ఆ దేశాన్నే తప్పిస్తుంది. స్వీడన్‌లో దిగేటప్పుడు కుక్క ఉందని కస్టమ్స్‌కి చెప్పడం మాత్రం మరవకండి.

ఈ దారిలో మందు లెక్క వేశాను. గురువారం సాయంత్రం నాలుగింటికి మందు. శుక్రవారం రోస్టాక్ ఓడ, శనివారం యోన్‌షోపింగ్, ఆదివారం రాత్రి స్టాక్‌హోమ్ ఓడ, సోమవారం పొద్దున తుర్కు. ఫిన్లాండ్ గడియారం ఒక గంట ముందుంటుంది, ఆ తేడా తీసేస్తే సుమారు 86 గంటలు. ఆదివారం ఓడ తప్పిపోయి సోమవారం రాత్రి ఎక్కినా 110 దగ్గరే. ఒక ఓడ తప్పినా తట్టుకునే లెక్క ఇది. రెండు తప్పితే మాత్రం స్టాక్‌హోమ్‌లో వెట్‌ని వెతుక్కోవాల్సిందే.

టైరుశాస్త్రి
స్వీడన్‌లో డిసెంబర్ 1 నుంచి మార్చి 31 దాకా రోడ్డు మీద మంచు ఉంటే చలికాలం టైర్లు ఉండాలి. మీకు ఎలాగూ ఉంటాయి. జనవరి చివర్లో స్టాక్‌హోమ్‌లో నాలుగింటికే చీకటి పడుతుంది. పొద్దున తెల్లారాక బయలుదేరి, మూడున్నరకల్లా బండి ఆపండి. మూస్ అనే పెద్ద జాతి దుప్పులు రోడ్డెక్కేది ఆ మసక వేళల్లోనే, ఒక్కోటి నాలుగైదు వందల కిలోలుంటుంది.

గుండు వాళ్లమ్మ
ఇంట్లో కేబినెట్ మీటింగ్ అయింది. రోస్టాక్, స్టాక్‌హోమ్ దారి ఖాయం. ఆయన రోజుకి 350 కిలోమీటర్లు దాటి నడపనని రాసిచ్చారు, నేను సగం దారిలో "నేను చెప్పానా" అననని రాసిచ్చాను. ఓడలరేవు అక్కా, మీ అయిదుసార్ల కథ లేకపోతే నేను ట్రావెముండె టికెట్ కొనేసేదాన్ని.

రాత్రిబండి
మొత్తానికి రోడ్డు మీదే వెళ్తున్నారు కదా. నేనే గెలిచాను.

ఓడలరేవు
రెండు ఓడలు ఎక్కుతున్నారు తమ్ముడూ. లెక్కలు చూసుకో.

తెల్లకోటు
ఓడలో ఎందుకైనా మంచిది, ఒక గడ్డి చాప తీసుకెళ్లండి. ఇప్పట్నుంచే రోజూ పార్కులో దాని మీదే ఒంటికి వెళ్లేలా అలవాటు చేయండి. వాడి వాసన ఉన్న చాప డెక్ మీద పరిస్తే ఇనుప నేల భయం తగ్గుతుంది. మూడు వారాలుంటే చాలు.

గుండు వాళ్లమ్మ
చాప కొన్నాం. ఇవాళ మూడో రోజు. పార్కులో పరిచాను. గుండు చుట్టూ తిరిగి, రెండుసార్లు వాసన చూసి, దాని మీద హాయిగా ముడుచుకుని పడుకున్నాడు. లేపితే గురక.