పద్నాలుగేళ్ల అబ్బాయి ఫుట్‌బాల్ గోల్‌కీపర్ అవుతానంటున్నాడు, సలహా చెప్పండి

అందరికీ నమస్కారం. మా అబ్బాయికి 14 ఏళ్లు, హైదరాబాద్‌లో తొమ్మిదో తరగతి. రెండేళ్ల నుంచి గోల్ దగ్గర తప్ప ఇంకెక్కడా నిలబడడు. మట్టి గ్రౌండ్‌లో దూకి దూకి మోచేతులు ఎప్పుడూ చెక్కుకుపోయే ఉంటాయి. గ్లవ్స్ అయితే రెండు నెలలకే అరచేతి దగ్గర పొరలు లేచిపోతున్నాయి. (కడగడంలో మా తప్పేమైనా ఉందా?)

అసలు టెన్షన్ ఎత్తు గురించి. ఇప్పుడు అయిదడుగుల నాలుగంగుళాలు. మాకు తెలిసిన కోచ్ ఒకరు "కీపర్‌గా వద్దు, వింగ్‌లో (మైదానం అంచు వైపు) ఆడించండి" అన్నారు. వాడు రెండు రోజులు సరిగ్గా తిండి తినలేదు. మెక్సికో కీపర్ జార్జ్ కాంపోస్ పొట్టివాడే కదా అని వాడి వాదన. ఇటలీ కీపర్ బఫన్ కూడా చిన్నప్పుడు మిడ్‌ఫీల్డర్ అట, 1995లో 17 ఏళ్లకే పార్మా క్లబ్ తరఫున మిలాన్ మీద ఆడాడు, 2023లో 45 ఏళ్లకు గానీ మానలేదు. మన హైదరాబాద్‌లో పుట్టిన పీటర్ తంగరాజ్ 1962 ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచిన జట్టు కీపర్. ఆయన మాత్రం మంచి పొడగరి లెండి.

ఈ వయసులో ఎత్తు చూసి మాన్పించడం సబబేనా? గోల్‌కీపర్లకు విడిగా కోచింగ్ ఇచ్చేవాళ్లు ఇక్కడ ఉన్నారా? క్లబ్ అకాడమీల ట్రయల్స్‌కు పిల్లల్ని తీసుకెళ్లినవాళ్లు ఎవరైనా ఉంటే, అక్కడ కీపర్లలో ఏం చూస్తారో చెప్పండి. వచ్చే ఏడు పదో తరగతి, వాళ్లమ్మ అప్పుడే లెక్కల ట్యూషన్ మాట్లాడేసింది.