మందుతో వ్యసనాన్ని నయం చేయడమా, మరో వ్యసనాన్ని అంటగట్టడమా?

ప్రశ్న

హెరాయిన్‌కు అలవాటుపడిన మా తమ్ముడు రెండేళ్లుగా ఆ వ్యసనానికి చికిత్సగా ఇచ్చే బుప్రెనార్ఫిన్ అనే మందు వాడుతున్నాడు. రోజూ పనికి వెళ్తున్నాడు, పిల్లలతో గడుపుతున్నాడు. అయితే ఆ మందు కూడా ఓపియాయిడే, అంటే హెరాయిన్‌లా నల్లమందు తరహాలో పనిచేసేదే కాబట్టి వ్యసనం పోలేదనీ, పేరు మాత్రమే మారిందనీ ఇంట్లోవారు వాదిస్తూ, ఈ ఏడాదిలోనే మాన్పించాలని పట్టుబడుతున్నారు. వారి మాట సబబేనా?

మొదటి సమాధానం

సబబు కాదని నా దృఢమైన అభిప్రాయం. శరీరం ఒక మందుకు అలవాటుపడటం వేరు. హాని జరుగుతున్నదని తెలిసినా ఆగలేక దాని వెంటే పరుగెత్తడం వేరు. వ్యసనం అనేది ఈ రెండవదానికే. హెరాయిన్ ప్రభావం కొన్ని గంటల్లోనే దిగిపోతుంది కనుక మనిషి రోజంతా మత్తుకూ బాధకూ మధ్య ఊగిసలాడుతూ ఉంటాడు. 1960లలో న్యూయార్క్‌లో విన్సెంట్ డోల్, మేరీ నిస్వాండర్ అనే వైద్యులు నిలకడగా పనిచేసే మెథడోన్ అనే మరో ఓపియాయిడ్‌ను రోజూ ఇచ్చి చూసినప్పుడు, ఆ ఊగిసలాట తగ్గి రోగులు చదువులకూ ఉద్యోగాలకూ మళ్లగలిగారు. బుప్రెనార్ఫిన్ మెదడులో ఓపియాయిడ్లు అతుక్కునే చోట్లను, అంటే గ్రాహకాలను గట్టిగా పట్టుకున్నా వాటిని పాక్షికంగానే ప్రేరేపిస్తుంది. అందువల్ల ఒక స్థాయి దాటాక మోతాదు పెంచినా శ్వాసను అణచే గుణం అంతగా పెరగదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో ఈ రెండు మందులనూ అత్యావశ్యక ఔషధాల జాబితాలో చేర్చింది.

మాన్పించాలని తొందరపడేవారు గమనించని విషయం మరొకటి ఉంది. మానేసిన కొద్ది వారాల్లోనే శరీరం పాత మోతాదును తట్టుకునే శక్తిని కోల్పోతుంది. ఆ స్థితిలో ఒక్కసారి జారినా, ఒకప్పుడు మత్తును మాత్రమే ఇచ్చిన మోతాదే ప్రాణం తీయగలదు. చికిత్స ఆపిన మొదటి నెలలో మరణాలు ఎక్కువగా ఉంటాయని అధ్యయనాలు పదేపదే చూపించాయి.

రెండవ సమాధానం

మందు ప్రాణాలు కాపాడుతుందన్న మాటను నేను కాదనను. కానీ నేను చికిత్స పొందిన చోట మాత్రలిచ్చి పంపడమే తప్ప, నిద్ర ఎలా ఉందని గానీ, ఇంట్లో పరిస్థితి ఏమిటని గానీ అడిగినవారు లేరు. మానాలని ఉందని నేను చెప్పినప్పుడు దానినొక రోగ లక్షణంగా చూశారు. పైగా మెథడోన్ నిరపాయకరమేమీ కాదు: మొదటి రెండు వారాల్లో మోతాదు తొందరగా పెంచినా, మద్యంతోనో నిద్రమాత్రలతోనో కలిపినా ప్రమాదమే, కొందరిలో గుండె లయ కూడా తప్పుతుంది. ఓపియాయిడ్ కాకుండా, ఓపియాయిడ్ల ప్రభావాన్ని అడ్డుకునే నాల్ట్రెక్సోన్ అనే మందు ఉండగా, దాని పేరైనా రోగికి చెప్పరెందుకు?

మొదటి సమాధానం రాసినవారు

మీకు జరిగినది అన్యాయమే; రోగి మాట వినని చోట ఎంత మంచి మందైనా సగం పనే చేస్తుంది. నాల్ట్రెక్సోన్ గురించి తప్పక చెప్పవలసిందే, కాని దానిని మొదలుపెట్టడానికి ముందు సాధారణంగా వారం నుంచి పది రోజులు ఓపియాయిడ్లేవీ ముట్టకుండా ఉండాలి. చాలామంది ఆ వారం దాటలేకపోతున్నారు.

మద్యం విషయంలో ఇదే వివాదం తలకిందులుగా కనిపిస్తుంది. తాగితే వాంతులు, ముఖం ఎర్రబారడం కలిగించే డైసల్ఫిరామ్‌ను, అది ఒక విధమైన శిక్ష కనుక, కుటుంబాలు సులభంగా అంగీకరిస్తాయి. తహతహను తగ్గించే నాల్ట్రెక్సోన్‌నూ, మానినవారు మానినట్లే ఉండటానికి తోడ్పడే అకాంప్రొసేట్‌నూ మాత్రం అనుమానంతో చూస్తాయి. బాధపెట్టే మందును చికిత్సగానూ, ఊరటనిచ్చే మందును బలహీనతగానూ చూసే ఈ ధోరణి నన్ను కలవరపెడుతుంది.

ప్రశ్న అడిగినవారికి నేను చెప్పేది ఒక్కటే: గడువు మీరు పెట్టకండి. మీ తమ్ముడే మానాలని కోరుకుంటే, వైద్యుని పర్యవేక్షణలో నెలల తరబడి కొద్దికొద్దిగా తగ్గించుకోవచ్చు. మధ్యలో తహతహ తిరిగివస్తే పాత మోతాదుకు మళ్లడానికి వెనుకాడకూడదని ఇంట్లో అందరూ ముందే ఒప్పుకోండి. ఓవర్‌డోస్‌ను విరిచే నాలొక్సోన్‌ను కూడా ఇంట్లో ఉంచుకోండి.