రిఫ్లెక్షన్: పరావర్తనమా, ప్రతిబింబమా, ఇంకేదైనా ఉందా?

ప్రోగ్రామింగ్ పాఠాలు తెలుగులో రాస్తున్నాను. ‘రిఫ్లెక్షన్’ దగ్గర వారం రోజులుగా ఆగిపోయాను. సాయం చేయండి.

నడుస్తున్న ప్రోగ్రాము తన కట్టడాన్ని తానే చూసుకోగలగడాన్ని ఈ పేరుతో పిలుస్తారు. చేతికి ఒక ఆబ్జెక్ట్ (సమాచారాన్నీ దానితో చేసే పనులనూ కలిపి ఉంచే వస్తువు) వచ్చిందనుకోండి. అది ఏ క్లాసుకు, అంటే ఏ నమూనాకు చెందింది, ఆ క్లాసు దేని నుంచి పుట్టింది, దాని పైన ఇంకెవరున్నారు, ఇవన్నీ అప్పటికప్పుడు అడగవచ్చు. జావా అనే ప్రోగ్రామింగ్ భాషలో ఇంటిజర్ క్లాసును ‘గెట్ సూపర్‌క్లాస్’ అని అడిగితే నంబర్ అంటుంది. నంబర్‌ని అడిగితే ఆబ్జెక్ట్ అంటుంది. ఆబ్జెక్ట్‌ని అడిగితే ‘నల్’ వస్తుంది, అంటే దాని పైన ఎవరూ లేరు.

మొదటి చిత్తులో ‘పరావర్తనం’ అని రాశాను. మళ్ళీ చదివితే నాకే నచ్చలేదు. భౌతికశాస్త్రంలో పరావర్తనమంటే కాంతి ఒక తలానికి తగిలి వెనక్కి రావడం. ఇక్కడ తగిలేదీ లేదు, తిరిగొచ్చేదీ లేదు. ‘ప్రతిబింబం’ అందామంటే అది అద్దంలో కనబడే రూపం పేరు, చూసే పని పేరు కాదు. మీరేమంటారు?

జవాబు

పరావర్తనం వదిలేయడమే మంచిదండీ. ‘రిఫ్లెక్షన్’ అన్న మాట ప్రోగ్రామింగ్‌లో స్థిరపడటానికి ముఖ్య కారణం బ్రయాన్ కాంట్‌వెల్ స్మిత్ 1982లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయానికి సమర్పించిన సిద్ధాంత గ్రంథం. అందులో ఆయన 3-లిస్ప్ అనే భాషను రూపొందించారు. బయటి ప్రపంచం గురించి తర్కించగల ప్రక్రియ తన గురించి తాను కూడా తర్కించగలదన్నది ఆయన వాదం. ఇంగ్లీషులో రిఫ్లెక్షన్ అంటే లోతుగా ఆలోచించడం కూడా. కాబట్టి అద్దం అర్థం కన్నా ఆలోచన అర్థమే ఇక్కడ దగ్గరిది. ‘ఆత్మపరిశీలన’ ఎలా ఉంటుంది?

జవాబు

ఆత్మపరిశీలన అనగానే తప్పొప్పులు తూచుకోవడం గుర్తొస్తుంది. క్లాసుకు పశ్చాత్తాపంతో పనేముంది?

తెలుగు వ్యాకరణంలోనే జవాబు ఉందని నాకనిపిస్తుంది. పని ఫలితం చేసినవాడికే చెందితే మనం క్రియకు ‘కొను’ చేరుస్తాం. వండాడు, వండుకున్నాడు. చూసింది, చూసుకుంది. ఇంగ్లీషువాళ్ళు ‘తనను తాను’ అని విడిగా చెప్పాల్సిన చోట చాలాసార్లు మనకు ఈ ఒక్క ‘కొను’ సరిపోతుంది. దాన్నుంచి నామవాచకాలు కూడా మనకు కొత్త కాదు: వేడుకొను నుంచి వేడుకోలు, వీడుకొను నుంచి వీడుకోలు. అదే దారిలో ‘చూసుకోలు’ అందాం. మొదటిసారి వింటే ఎబ్బెట్టుగా ఉండవచ్చు, కానీ విన్నవాడు నిఘంటువు తెరవకుండానే అర్థం చేసుకుంటాడు.

జవాబు

మాట నాకు నచ్చింది. రెండు అభ్యంతరాలున్నాయి. ‘పిల్లల్ని చూసుకో’ అన్నప్పుడు చూసుకోవడం అంటే సంరక్షణ. ఆ నీడ ఈ మాటమీద పడుతుంది. రెండోది ఇంకా ముఖ్యం: రిఫ్లెక్షన్ చూడటంతో ఆగదు. పేరు చెప్పి పద్ధతిని (మెథడ్, అంటే క్లాసు చేయగల పనిని) పిలవవచ్చు, ఫీల్డు (ఆబ్జెక్ట్ దాచుకునే సమాచారం) విలువ మార్చవచ్చు, కొన్ని భాషల్లో క్లాసునే మార్చేయవచ్చు. చూడటం వరకే అయితే దాన్ని ‘ఇంట్రాస్పెక్షన్’ అంటారు. ఈ రెంటికీ ఒకే తెలుగు మాట పెడితే పాఠం చదివేవాడు తికమకపడతాడు.

మొదట అడిగినది నేనే

రెండో అభ్యంతరం న్యాయమైనది. నా పాఠం వారసత్వాన్ని, అంటే ఒక క్లాసు మరో క్లాసు నుంచి పుట్టి దాని పద్ధతులు పొందడాన్ని, చూడటం వరకే కాబట్టి అక్కడ ‘చూసుకోలు’ అని రాసి, మార్చగల శక్తి వచ్చే అధ్యాయంలో ‘రిఫ్లెక్షన్’ అనే మాటనే ఉంచుతాను. సంరక్షణ అర్థం గురించి అంత భయం లేదు, సందర్భమే దాన్ని తొలగిస్తుంది.

అసలు చిక్కు వారసత్వం మాటల్లో వచ్చింది. జావాలో ‘గెట్ డిక్లేర్డ్ మెథడ్స్’ అంటే ఆ క్లాసు తానుగా ప్రకటించిన పద్ధతులన్నీ వస్తాయి, ప్రైవేటువి (ఆ క్లాసు లోపలే వాడుకునేవి) కూడా. పైనుంచి వచ్చినవి రావు. ‘గెట్ మెథడ్స్’ అంటే పబ్లిక్‌వి (అందరూ వాడుకోగలిగేవి) మాత్రమే వస్తాయి, పైనుంచి వచ్చినవాటితో సహా. ఈ తేడా తెలియక ఒకసారి నేను ఒక పద్ధతి కోసం గంటసేపు వెతికాను. అది తల్లి క్లాసులో ఉంది, నేను పిల్ల క్లాసు ప్రకటించినవాటిలో చూస్తున్నాను. ఈ రెంటికీ మంచి పేర్లు కావాలి.

జవాబు

ఉన్నాయి కదండీ! స్వార్జితం, పిత్రార్జితం. ఆస్తి పత్రాల భాషలో ఎప్పటినుంచో ఉన్నవే. తాను ప్రకటించుకున్నది స్వార్జితం, పైనుంచి దిగివచ్చింది పిత్రార్జితం. తల్లి పద్ధతినే పిల్ల మళ్ళీ రాసుకుంటే అది స్వార్జితంలోకి వస్తుంది. ఆస్తితో ఒక్కటే తేడా: ఇక్కడ తల్లి బతికుండగానే పిల్లకు వారసత్వం దక్కుతుంది, తల్లి దగ్గర ఏమీ తరగదు. అది పాఠంలో ఒక్క వాక్యంలో చెప్పేయండి.

జవాబు

ఒక క్లాసు నుంచి పుట్టినవాటికి ‘సంతతి’ మాట వాడేటప్పుడు జాగ్రత్త. పైథాన్ అనే భాషలో, ఒక క్లాసు మరోదాని నుంచి పుట్టిందా అని అడిగే ‘ఈజ్ సబ్‌క్లాస్’కు ఒకే క్లాసును రెండు చోట్లా ఇస్తే ‘ట్రూ’ (అవును) అంటుంది. సీ షార్ప్ అనే భాషలో ‘ఈజ్ సబ్‌క్లాస్ ఆఫ్’ అని తన గురించే అడిగితే ‘ఫాల్స్’ (కాదు). ఎవరూ తనకు తాను సంతానం కారు కాబట్టి, సీ షార్ప్ ప్రశ్నకు ‘సంతతా?’ సరిపోతుంది. పైథాన్ ప్రశ్నను ‘ఈ వంశంలోదేనా?’ అని రాయండి, వంశంలో తనూ ఉంటుంది. పైథాన్‌లో బూల్‌కి (ట్రూ, ఫాల్స్ విలువల క్లాసుకి) తల్లి ఇంట్ (పూర్ణాంకాల క్లాసు), దాని తల్లి ఆబ్జెక్ట్. ట్రూకి ట్రూ కలిపితే 2 రావడానికి కారణం ఈ వంశమే, మంచి ఉదాహరణ అవుతుంది.

మొదట అడిగినది నేనే

స్వార్జితం, పిత్రార్జితం తీసుకుంటున్నాను. ఇంతసేపూ నాకు తట్టలేదు. ‘వంశంలోదేనా’ కూడా.

ఇప్పుడు వాక్యం ఇలా రాశాను: ‘చూసుకోలు ద్వారా ఒక క్లాసు తన తల్లి ఎవరో, తనలో స్వార్జితమేదో, పిత్రార్జితమేదో చెప్పగలదు.’

ఒక్కటి మిగిలింది. జావా క్లాసు తల్లి పేరు చెబుతుంది కానీ మామూలుగా పిల్లల పేర్లు చెప్పలేదు. పైథాన్ క్లాసు ‘సబ్‌క్లాసెస్’ అని అడిగితే నేరుగా తన నుంచి పుట్టినవాటిని చెబుతుంది, మనవల పేర్లు మాత్రం చెప్పదు. ఈ ‘నేరుగా పుట్టినవి’ అన్నదానికి ఒక్క మాట కావాలి. ‘సంతానం’ అంటే మనవలు కూడా వస్తారా, రారా? మీ ఇళ్ళలో పెద్దలు ఆ మాటను ఎలా వాడతారో చెప్పండి.