కేబుల్ ఇంటర్నెట్: మోడెమ్ దగ్గర సిగ్నల్ బాగా తక్కువ, యాంప్లిఫయర్ కొనాలా?

ప్రశ్న (కోయాక్స్25)

కేబుల్ ఇంటర్నెట్ మాటిమాటికీ తెగిపోతోంది. తప్పు వైఫైదేమో అని ల్యాప్‌టాప్‌ను ఈథర్నెట్ వైరుతో నేరుగా మోడెమ్‌కే పెట్టి చూశాను, తేడా లేదు. బ్రౌజర్‌లో 192.168.100.1 తెరిస్తే సిగ్నల్ పేజీలో కనిపించేవి ఇవి:

డౌన్‌స్ట్రీమ్ పవర్ (ఇంట్లోకి వచ్చే సిగ్నల్ బలం): 300 మెగాహెర్ట్జ్ దగ్గరి చానళ్లు -11 డీబీఎంవీ (సిగ్నల్ బలం కొలత), 900 దాటినవి -14
ఎస్ఎన్ఆర్ (రొద కంటే సిగ్నల్ ఎంత ఎక్కువో చెప్పేది): 31 నుంచి 34 డీబీ
అప్‌స్ట్రీమ్ పవర్: నాలుగు చానళ్లూ 51 డీబీఎంవీ

లాగ్ నిండా టీ3 టైమౌట్లే. సరిదిద్దలేని కోడ్‌వర్డ్‌లు (దారిలో పాడైన డేటా ముక్కలు) పెరుగుతూనే ఉన్నాయి.

బయటి నుంచి వచ్చే వైరు నాలుగు దారుల స్ప్లిటర్‌లోకి పోతుంది. అందులో ఒక దారి మోడెమ్‌కు, సుమారు 25 మీటర్ల వైరు. రెండు దారులు టీవీలకు, ఒకటి ఖాళీ. మోడెమ్ ముందు యాంప్లిఫయర్ పెడితే సరిపోతుందా?

జవాబు (డీబీలెక్క)

యాంప్లిఫయర్ సంగతి తర్వాత. నష్టం ఇంట్లో జరుగుతోందా, బయటి నుంచే తక్కువగా వస్తోందా అన్నది ముందు తేల్చుకోండి.

మీ అంకెల్లో నన్ను ఎక్కువ భయపెడుతున్నది -14 కాదు, 51. డౌన్‌స్ట్రీమ్ -15 నుంచి +15 దాకా మోడెమ్ పట్టుకోగలగాలి, నిలకడగా నడవాలంటే మాత్రం -7 నుంచి +7 మధ్య ఉండాలి. అప్‌స్ట్రీమ్ తీరు వేరు. అది మోడెమ్ అవతలికి పంపుతున్న బలం. దారిలో నష్టం పెరిగేకొద్దీ మోడెమ్ ఇంకా గట్టిగా పంపాల్సి వస్తుంది. డాక్సిస్ 3.0లో (కేబుల్ మోడెమ్‌ల ప్రమాణం) నాలుగు చానళ్లు కలిపి 64 క్వామ్‌లో (డేటాను సిగ్నల్‌లోకి ఎక్కించే ఒక పద్ధతి) పంపేటప్పుడు గరిష్ఠం 51. అంటే మీ మోడెమ్ అంచుకు చేరింది, ఇంకా కావాల్సి ఉన్నా పెంచలేదు. అసలు లోటు ఎంతో ఆ అంకెలో కనిపించదు. టీ3 అంటే మోడెమ్ అడిగినదానికి అవతలి నుంచి జవాబు రాలేదని, ఈ పరిస్థితిలో అది రావడం సహజమే. ఎస్ఎన్ఆర్ కూడా చాలదు. పవర్ -6 కంటే కిందికి పోయినప్పుడు 256 క్వామ్‌కు కనీసం 33 కావాలి.

ఇప్పుడు మీ ఇంటి లెక్క. నాలుగు దారుల స్ప్లిటర్ ప్రతి దారిలోనూ 7 డీబీ తింటుంది. 25 మీటర్ల ఆర్‌జీ6 (కోయాక్స్ వైరులో ఒక రకం) వైరు 900-1000 మెగాహెర్ట్జ్ దగ్గర 5 నుంచి 5.5, 300 దగ్గర 3, అప్‌స్ట్రీమ్ ఉండే కింది పౌనఃపున్యాల్లో 1 చిల్లర తీసుకుంటుంది. అన్నీ సవ్యంగా ఉంటే ఇంట్లో పోవాల్సింది పై చానళ్లలో 12.5, కింది చానళ్లలో 10, అప్‌స్ట్రీమ్‌లో 8 డీబీ.

స్ప్లిటర్‌లోకి వచ్చే వైరును విప్పి, మోడెమ్‌ను అక్కడికే తీసుకెళ్లి నేరుగా దానికి బిగించండి. ఆన్‌లైన్ దీపం నిలిచాక పది నిమిషాలు ఆగి అంకెలు రాసుకోండి. వరస సంఖ్యను కాదు, పౌనఃపున్యాన్ని బట్టి పోల్చండి. రీబూట్ అయినప్పుడు మోడెమ్ చానళ్ల వరసను మార్చేయవచ్చు. అక్కడ కూడా డౌన్‌స్ట్రీమ్ -10 దగ్గర, అప్‌స్ట్రీమ్ 50 దగ్గర ఉంటే ఇంట్లో ఏం చేసినా లాభం లేదు, ఆపరేటర్‌ను పిలిచి ఆ అంకెలే చూపించండి.

జవాబు (రిటర్న్‌పాత్)

యాంప్లిఫయర్ గురించి అడిగారు కాబట్టి చెబుతున్నాను. మోడెమ్ ముందు పెట్టడం అన్నిటికన్నా చెడ్డ చోటు. అక్కడికి వచ్చేసరికి సిగ్నల్ తగ్గిపోయి ఉంటుంది. యాంప్లిఫయర్ దానితోపాటు రొదనూ పెంచి, తన రొద కొంత కలుపుతుంది. పవర్ -14 నుంచి 0 కు వస్తుంది, ఎస్ఎన్ఆర్ మాత్రం ఉన్నచోటే ఉంటుంది లేదా ఇంకా తగ్గుతుంది. పైగా టీవీల కోసం అమ్మే చాలా యాంప్లిఫయర్లు ఒకవైపే పనిచేస్తాయి. అప్‌స్ట్రీమ్‌కు దారి మూసుకుపోయి మోడెమ్ అసలు ఆన్‌లైన్‌కే రాదు. నిజంగా అవసరం పడితే రిటర్న్ దారి (అప్‌స్ట్రీమ్ వెళ్లే దారి) ఉన్నదాన్ని, ఇంట్లోకి వైరు దిగే చోట, స్ప్లిటర్‌కు ముందే పెట్టాలి.

మీ స్ప్లిటర్ మీద ఏం రాసి ఉందో కూడా చూడండి. 5-1000 మెగాహెర్ట్జ్ అని ఉండాలి. 950-2400 అని ఉంటే అది డిష్ యాంటెన్నా కోసం చేసింది, కేబుల్ మోడెమ్‌కు పనికిరాదు.

కోయాక్స్25

స్ప్లిటర్ మీద 5-1000 అనే ఉంది. వైరు దిగే చోట నేరుగా పెడితే డౌన్‌స్ట్రీమ్ కింది చానళ్లూ పై చానళ్లూ +2 దగ్గరే, ఎస్ఎన్ఆర్ 39, అప్‌స్ట్రీమ్ 41. అక్కడ ఉన్నంతసేపూ లాగ్‌లో ఒక్క టీ3 కూడా లేదు. గదిలోకి వెళ్లే వైరు తొడుగు మీద ఆర్‌జీ59 అని అచ్చు ఉంది.

జవాబు (డీబీలెక్క)

అయితే ఆపరేటర్ తప్పేం లేదు, బయటి లైను చాలా బాగుంది. పై చానళ్లలో ఇంట్లో 16 డీబీ పోతోంది, లెక్క ప్రకారం పోవాల్సింది 12.5. కింది చానళ్లలో 13 పోతోంది, పోవాల్సింది 10. అంటే రెండుచోట్లా మూడు డీబీ పైచిలుకు అదనం.

ఇక్కడే ఆధారం దొరుకుతోంది. ఆర్‌జీ59 మధ్య తీగ ఆర్‌జీ6 కన్నా సన్నం, దాని వల్ల పై చానళ్లలో ఇంకో ఒకటిన్నర డీబీ పోవచ్చు, కానీ 300 దగ్గర ఒక్క డీబీ కూడా తేడా రాకూడదు. వైరు చేసే నష్టం పౌనఃపున్యంతోపాటు పెరుగుతుంది. మీ దగ్గర కింది చానళ్లు కూడా దాదాపు అంతే పోగొట్టుకుంటున్నాయి. మధ్య తీగ సరిగా తాకకపోతే ఇలా జరుగుతుంది. ఆ సందు కెపాసిటర్‌లా పనిచేసి ఎక్కువ పౌనఃపున్యాలను దాటనిచ్చి తక్కువవాటిని ఆపుతుంది. కాబట్టి వైరు మార్చడంతో ఆగిపోకుండా కనెక్టర్లు, స్ప్లిటర్ పోర్టు తప్పక చూడాలి. మోడెమ్ వైరును స్ప్లిటర్ ఖాళీ పోర్టుకు మార్చండి. అంకెలు మెరుగైతే పాత పోర్టు పోయినట్టే.

స్ప్లిటర్ అమరికను కూడా మార్చండి. వైరు దిగే చోట రెండు దారుల స్ప్లిటర్ పెట్టి ఒక దారి నేరుగా మోడెమ్‌కు ఇవ్వండి, నష్టం 3.5 మాత్రమే. రెండో దారికి ఇంకో రెండు దారుల స్ప్లిటర్ తగిలించి టీవీలకు ఇవ్వండి. టీవీలకు ఇప్పుడూ 7, అప్పుడూ 7, వాటికేమీ తగ్గదు. ఖాళీ పోర్టు నుంచి సిగ్నల్ వెనక్కి తిరిగే బెడదా పోతుంది. మూడు దారుల స్ప్లిటర్ వాడదలిస్తే 3.5 అని రాసి ఉన్న పోర్టును మోడెమ్‌కు ఉంచండి, మిగతా రెండింటిలో 7 పోతుంది.

కొత్త ఆర్‌జీ6 వైరు, ఈ అమరిక కలిస్తే పై చానళ్లు -7, కింది చానళ్లు -4.5, అప్‌స్ట్రీమ్ 46 దగ్గరికి రావాలి. యాంప్లిఫయర్ అక్కర్లేదు.

జవాబు (తీగముడి)

కనెక్టర్ వేసే పద్ధతి రాస్తున్నాను, చాలా ఇళ్లలో సిగ్నల్ పోయేది ఇక్కడే.

తిప్పి ఎక్కించే కనెక్టర్లు, మామూలు ప్లయర్స్‌తో నొక్కేవి వద్దు. కంప్రెషన్ కనెక్టర్ (దాని సొంత టూల్‌తో నొక్కి బిగించేది) తీసుకోండి, ఆర్‌జీ6కు వేరు, ఆర్‌జీ59కు వేరు. ఆర్‌జీ6 కనెక్టర్‌ను ఆర్‌జీ59 మీద వేస్తే లోపల వదులుగా తిరుగుతుంది. స్ట్రిప్పర్‌తో వలిస్తే చివరన 6 మిల్లీమీటర్ల మేర రాగి తీగ ఒక్కటే ఉండాలి, దాని వెనక ఇంకో 6 మిల్లీమీటర్లు తెల్లటి ఇన్సులేషన్, దానికి అంటుకున్న రేకు. రేకును పీకకండి. అల్లిక తీగలను తొడుగు మీదికి వెనక్కి మడవండి. ఒక్క పోగు మధ్య తీగను తాకినా షార్టే. బ్లేడుతో వలిచేటప్పుడు రాగి మీద గాటు పడితే అది కత్తిరించి మళ్లీ మొదలుపెట్టండి. కనెక్టర్‌ను తెల్లటి ఇన్సులేషన్ లోపలి అంచుతో సమానంగా వచ్చేదాకా తోసి అప్పుడు టూల్‌తో నొక్కండి. రాగి తీగ కనెక్టర్ మూతి దాటి 3 మిల్లీమీటర్ల దాకా బయటికి ఉండాలి. పొట్టిదైతే పోర్టు లోపలి క్లిప్‌కు అందదు. పైన చెప్పిన సందు అలాగే వస్తుంది.

రాగి మీద పచ్చటి చిలుము లేదా తెల్లటి పొడి కనిపిస్తే నీళ్లు దిగినట్టు. గీకి శుభ్రం చేస్తే సరిపోదు. తడి అల్లిక వెంట లోపలిదాకా పాకుతుంది. మెరిసే రాగి కనిపించేదాకా కత్తిరించుకుంటూ పోండి.

వైరును మూల దగ్గర లంబంగా మడవకండి, 7 సెంటీమీటర్ల వ్యాసార్థం కంటే తక్కువ వంపు వద్దు. మేకులు కొట్టే క్లిప్పులతో నొక్కిపెట్టినా లోపలి ఆకారం చెడిపోయి సిగ్నల్ వెనక్కి తిరుగుతుంది. చేత్తో బిగించాక స్పానర్‌తో ఇంకో పావు చుట్టు చాలు, స్ప్లిటర్ పోర్టును మెలిపెట్టేంత బలం వద్దు. ఎప్పుడైనా ఒక పోర్టు ఖాళీగా ఉంటే 75 ఓమ్‌ల టెర్మినేటర్ (ఖాళీ పోర్టును మూసే మూత) బిగించండి.

జవాబు (రిటర్న్‌పాత్)

ఒక్కటి కలుపుతాను. గోడలోంచి పోయే దారిలో ఎక్కడైనా రెండు వైర్లు కలిపే జాయింటు ఉందేమో వెతకండి. మంచి జాయింటు అర డీబీ కూడా తినదు, వదులైనది ఎంతైనా తింటుంది. బయటి రొదనూ లోపలికి లాగుతుంది, ఆ రొద అప్‌స్ట్రీమ్‌లో కలిసి ఆ లైను మీద ఉన్న మిగతా ఇళ్లనూ ఇబ్బంది పెడుతుంది. వైరు దిగే చోట ఉన్న ఎర్తింగ్ దిమ్మెను, దాని అవతల ఆపరేటర్ పెట్టినవాటిని మాత్రం విప్పకండి.

పని అయ్యాక మోడెమ్‌ను రీబూట్ చేసి కోడ్‌వర్డ్‌ల లెక్కను సున్నా నుంచి మొదలవనివ్వండి. ఒక రోజు మొత్తం, ముఖ్యంగా మధ్యాహ్నం ఎండలో చూడండి. వేడికి వైరు నష్టం కాస్త పెరుగుతుంది, అది సహజం. ఎండ పూట రెండు మూడు డీబీలు ఒక్కసారిగా పడి సాయంత్రానికి తిరిగొస్తే ఇంకో కనెక్టర్ ఎక్కడో సరిగా తాకడం లేదని అర్థం.