రిహార్సల్‌లో లేని ముద్దు టేక్‌లో వస్తే ఆ షాట్ ఉంచాలా, తీసెయ్యాలా?

చీపురుపల్లి_రైటర్:
మా జిల్లాలో తీస్తున్న ఒక షార్ట్ ఫిల్మ్ యూనిట్‌లో ఈ గొడవ నడుస్తోంది. పేర్లు అడక్కండి, చెప్పను. నేను డైలాగులు రాశాను, ఆ రోజు లొకేషన్‌లో ఉన్నాను.

సీన్ ఇది. చెన్నైలో బిల్డింగ్ పనులకి పోయిన మొగుడు ఏడాది తర్వాత ఇంటికొస్తాడు. రిహార్సల్‌లో అనుకున్నది: సంచి గుమ్మంలో పెడతాడు, ఆమె చెయ్యి పట్టుకుంటాడు, నుదుటికి నుదురు ఆనించి నిలబడతారు, కట్. టేక్‌లో మాత్రం ఆమె మొహం రెండు చేతులతో పట్టుకుని పెదాల మీద ముద్దు పెట్టేశాడు. ఆ అమ్మాయి బిగుసుకుపోయింది గానీ షాట్ చెడగొట్టలేదు. కట్ చెప్పాక పక్క గదిలోకి వెళ్ళి, ఆ టేక్ డిలీట్ చేస్తేనే మిగతా సీన్లు చేస్తానంది. డైరెక్టర్ ఏమో, "ఆ బిత్తరపాటే సీన్‌కి ప్రాణం. ఏడాది తర్వాత మొగుణ్ణి చూసిన ఆడదాని కళ్ళు అలాగే ఉంటాయి, నటిస్తే రావు" అంటున్నాడు. నిజం చెప్పాలంటే షాట్ బాగుంది. బాగుంది కాబట్టే అడుగుతున్నాను. ఉంచొచ్చా?

రీలు_మాస్టారు:
ఉంచాలి. భార్యాభర్తల సీన్ అని తెలిసే ఒప్పుకుని వచ్చింది కదా. ఏ వేలు ఎక్కడ పెట్టాలో స్టాంపు కాగితం మీద రాసుకుని చేస్తే దాన్ని సినిమా అనరు, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు అంటారు. కెమెరా ముందు అనుకోకుండా జరిగేదాని కోసమే డైరెక్టర్లు పడిగాపులు పడతారు. టేక్ నడుస్తున్నంతసేపూ ఆమె ఆ మొగుడి పెళ్ళాం. ఎవరి కూతురు, ఏ ఊరు అన్నవి కట్ చెప్పాక సంగతులు. ఇంత సున్నితమైతే తల్లి వేషాలు వేసుకోవచ్చు.

మూడులాంతర్లు:
మాస్టారూ, ఆ చివరి మాట మీ పెద్దరికానికి తగదు.

నేను విజయనగరంలో ఉంటాను, పరిషత్ నాటకాలు వేస్తాను. ఒక నాటకంలో నా భర్త పాత్ర నన్ను చెంపదెబ్బ కొట్టాలి. ఎలా కొడతాడో చెబుతాను వినండి. నేను ప్రేక్షకుల వైపు వీపు పెట్టి నిలబడతాను. అతని చెయ్యి నా చెంపకి జానెడు దూరంలో గాల్లో పోతుంది. సరిగ్గా అప్పుడే నేను ఛాతీ దగ్గర నా అరచేతులు రెండూ చరిచి తల పక్కకి విసురుతాను. అతని భుజం ఎంత తిరగాలి, నా ఎడమ కాలు ఎటు పడాలి, అంతా లెక్కే. ఆనందగజపతి ఆడిటోరియంలో చివరి వరసలో కూర్చున్నవాళ్ళు కూడా "అయ్యో" అన్నారు. "నిజంగా కొట్టెయ్యి, ఇంకా బాగా వస్తుంది" అని మా డైరెక్టర్ ఏనాడూ అనలేదు. అని ఉంటే నలుగురూ ఆయన్నే తిట్టేవారు. దెబ్బకి ఉన్న లెక్క ముద్దుకి ఎందుకు ఉండకూడదు?

ఇంకో సంగతి. 1892లో కన్యాశుల్కం మొదటిసారి ఆడింది ఈ ఊళ్ళోనే. ఆ కాలంలో ఆడవేషాలు మగవాళ్ళే కట్టేవారు. మన తూర్పు భాగవతంలో సత్యభామ వేషం సంప్రదాయంగా మగవాళ్ళదే. ఆడపిల్లలు గడప దాటి స్టేజి ఎక్కడానికి ఎంత కాలం పట్టిందో మన ప్రాంతం వాళ్ళకి చెప్పక్కర్లేదు. మొదట్లో మా అమ్మ నా వెంట వచ్చి గ్రీన్‌రూం బయట కుర్చీ వేసుకుని కూర్చునేది. ఇలాంటి కబురు ఒక్కటి ఊళ్ళో పొక్కిందంటే, రేపు మీ షార్ట్ ఫిల్ముకి అమ్మాయి దొరకదు. తల్లి వేషానికీ దొరకదు.

రీలు_మాస్టారు:
అమ్మా, మాట తప్పే, ఒప్పుకుంటాను. వాదన మాత్రం వదలను. స్టేజి మీద చివరి వరసవాడికి చప్పుడు చాలు. క్లోజప్‌లో కనురెప్ప అబద్ధం చెప్పినా దొరికిపోతుంది. జానెడు దూరం లెక్క కెమెరా దగ్గర చెల్లదు.

వంశధార_ఎడిటర్:
చెల్లుతుంది మాస్టారూ, నా పనే అది. మొగుడి భుజం మీదుగా తీసిన షాట్‌లో ముద్దు తగిలిందో లేదో దేవుడికే తెలియాలి. అతని తల కాస్త వంచి, ఆమె చేతివేళ్ళు అతని చొక్కా పట్టుకున్న క్లోజప్ ఒకటి మధ్యలో వేస్తే చూసేవాడు ముద్దు చూశాననే అనుకుంటాడు. ఆ బిత్తరపాటు కావాలా? "వాడు ఏడాది పాటు ఫోన్ ఎత్తలేదు, ఇప్పుడు ముట్టుకుంటే నీకెలా ఉంటుందమ్మా" అని ఆ అమ్మాయితో పది నిమిషాలు మాట్లాడండి, వస్తుంది. అది రాబట్టలేనివాడే ఈ అడ్డదారి తొక్కుతాడు.

ఈ "నటిస్తే రాదు" అన్న మాట కొత్తది కాదు. 1972లో వచ్చిన 'లాస్ట్ టాంగో ఇన్ పారిస్' సంగతి చాలామందికి తెలుసు. మరియా ష్నైడర్‌కి అప్పుడు 19 ఏళ్ళు. ఆమె పాత్ర మీద అత్యాచారం జరిగే సీన్ ఉందని ఆమెకి తెలుసు. అందులో వెన్న వాడాలన్న ఆలోచన మాత్రం ఆ పొద్దున డైరెక్టర్ బెర్తొలూచీ, హీరో బ్రాండో అనుకున్నారు, ఆమెకి చెప్పలేదు. ఆమె నటిలా కాకుండా అమ్మాయిలా స్పందించాలని కోరుకున్నానని 2013లో బెర్తొలూచీయే చెప్పాడు. ఆ సీన్‌లో తన కన్నీళ్ళు నిజమైనవేనని, అవమానంగా అనిపించిందని ష్నైడర్ 2007లో చెప్పింది. యాభై ఏళ్ళు దాటాయి. ఆ సినిమా పేరెత్తితే ఇప్పుడు జనం మాట్లాడేది ఈ ఒక్క సంగతే.

అందుకే ఇంటిమసీ కోఆర్డినేటర్లు వచ్చారు. ఫైట్ మాస్టర్ ఫైట్ కంపోజ్ చేసినట్టే వీళ్ళు ముద్దు, పడక సీన్లు కంపోజ్ చేస్తారు. ఎవరి చెయ్యి ఎక్కడ, ఎంతసేపు, ఒంటి మీద ఏ బట్ట ఉంటుంది, మధ్యలో ఏ ప్యాడ్ పెట్టాలి, సెట్‌లో ఎవరుండాలి అన్నీ ముందే తేలుస్తారు. 2018లో అమెరికా టీవీ సంస్థ హెచ్‌బీవో ఇలాంటి సీన్లున్న తన సిరీస్‌లన్నిటికీ ఈ పద్ధతి పెట్టింది. 2022లో వచ్చిన హిందీ సినిమా 'గెహ్‌రాయియా'లో ఇంటిమసీ డైరెక్టర్‌గా దర్ గాయ్ పేరు టైటిల్స్‌లో వేశారు.

కళింగపట్నం_కెమెరా:
అన్నా, బాగానే ఉంది గానీ మా బడ్జెట్ ఏటో తెలుసా? మధ్యాహ్నం బిర్యానీ పొట్లాలకి తలో కొంత వేసుకుంటాం. లైట్లు పెళ్ళి వీడియోల తమ్ముడి దగ్గర అద్దెకి తెస్తాం. బొంబాయి నుంచి కోఆర్డినేటర్ వస్తే రైలు టికెట్టుకే మా సినిమా అయిపోద్ది. హెచ్‌బీవోతో మాకు పోలికేటి?

మూడులాంతర్లు:
తమ్ముడూ, కోఆర్డినేటర్ని పెట్టమని ఎవరన్నారు? చెప్పి చెయ్యమన్నాం. చెప్పడానికి పైసా ఖర్చు లేదు. ఆ గదిలో కెమెరా పట్టినవాళ్ళు, సౌండ్ చూసేవాళ్ళు తప్ప మిగతావాళ్ళని అరుగు మీద కూర్చోబెట్టండి. ఆ అమ్మాయి నమ్మే ఆడమనిషి ఒకరు లోపల ఉండాలి. ఏం చేస్తారో కాగితం మీద నాలుగు ముక్కలు రాసి ముందు రోజే ఇద్దరికీ ఇవ్వండి. వద్దంటే ఎప్పుడైనా ఆపెయ్యొచ్చని పైకే అనండి. మధ్యలో వద్దన్నా సరే.

గరివిడి_కుర్రోడు:
నేను వేషాలు వేస్తాను, అందుకే ఒకటి అడుగుతున్నాను. ఆ ముద్దు అతను సొంతంగా పెట్టాడా, ఎవరైనా పెట్టమన్నారా?

చీపురుపల్లి_రైటర్:
టేక్‌కి ముందు డైరెక్టర్ అతని చెవిలో ఏదో చెప్పడం చూశాను. "ముద్దు పెట్టెయ్, ఆమెకి చెప్పకు" అన్నాడట. సాయంత్రం అతనే చెప్పుకుని బాధపడ్డాడు.

గరివిడి_కుర్రోడు:
అనుకున్నాను. అంటే ఇక్కడ ఇద్దర్ని వాడుకున్నారు. కొత్తవాడు డైరెక్టర్ మాట కాదంటే మళ్ళీ పిలవరేమోనని భయం. అలాగని అతని తప్పు లేదని నేను అనను, నోరుంది కదా, అడగాల్సింది. కానీ నింద మొత్తం అతని నెత్తిన వేసి డైరెక్టర్ పక్కకి తప్పుకుంటే కుదరదు.

మగవాళ్ళ సిగ్గు ఎవరికీ పట్టదు. ఒక షూటింగ్‌లో అప్పటికప్పుడు చొక్కా విప్పి మంచం మీద పడుకోమన్నారు. కిటికీ అవతల ఊరి జనం ఫోన్లు పట్టుకుని నిలబడ్డారు. కిటికీ మూయమంటే "మగాడివి, నీకేటి సిగ్గు" అని నవ్వారు. పడుకున్నాను. ఆ సీన్‌లో నా మొహం చూస్తే తెలిసిపోతుంది, హీరోయిన్ మీద ప్రేమ లేదు, కిటికీ మీదే కన్ను.

కోర్టురోడ్డు_వకీలు:
చట్టం సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి చెబుతున్నాను. "మేం స్నేహితులం, జీతాలు లేవు, మాకు చట్టమేంటి" అనే యూనిట్లు ముందు ఇది చదవాలి. పనిచోట లైంగిక వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టం ప్రకారం జీతం తీసుకోకుండా పనిచేసేవాళ్ళు కూడా ఉద్యోగుల కిందే లెక్క. ఇష్టం లేకుండా ముట్టుకోవడం వేధింపుల కిందకి వస్తుంది. పదిమంది కంటే తక్కువ ఉన్నచోట ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండదు, జిల్లా స్థాయిలో ఉండే లోకల్ కమిటీకి ఫిర్యాదు ఇవ్వొచ్చు, మామూలుగా మూడు నెలల లోపు. సినిమా నిర్మాణ సంస్థలకి కూడా ఈ చట్టం వర్తిస్తుందని కేరళ హైకోర్టు 2022లో చెప్పింది.

రెండోది, షాట్ ఎవరిదన్నది. కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణలో 38ఎ అనే సెక్షన్ ఉంది. తన నటనని సినిమాలో వాడుకోవడానికి రాతపూర్వకంగా ఒప్పుకున్న నటి, ఒప్పందంలో వేరే షరతు లేకపోతే, తర్వాత అడ్డు చెప్పలేదు. రాతపూర్వకంగా అన్న మాట గమనించండి. మాస్టారు ఎగతాళి చేసిన ఆ కాగితమే నిర్మాతని కాపాడేది. మీ యూనిట్ దగ్గర కాగితం ఉందా?

చీపురుపల్లి_రైటర్:
లేదండి. నోటి మాటే.

రీలు_మాస్టారు:
సరే, ఇక మీదట చెప్పి చేద్దాం, నాకూ అభ్యంతరం లేదు. కానీ అయిపోయినదాన్ని తుడిచెయ్యమనడం అతి. కళ పేరు చెప్పి తప్పించుకోవడం లేదు, కష్టపడి తీసిన షాట్ అది. తీసేసినంత మాత్రాన ఆ అమ్మాయికి జరిగింది జరగకుండా పోతుందా?

మూడులాంతర్లు:
పోదు. ఉంచితే మాత్రం తెరమీద వేసిన ప్రతిసారీ మళ్ళీ జరుగుతుంది. ఇంట్లోవాళ్ళు చూస్తారు, వీధిలోవాళ్ళు చూస్తారు, ఆ బిత్తరపాటుని "ఏం నటించిందే" అని మెచ్చుకుంటారు. ఆమె ఏం చెప్పాలి?

మలయాళ సినిమాల్లో ఆడవాళ్ళ ఇబ్బందుల మీద కేరళలో వేసిన జస్టిస్ హేమ కమిటీ 2019 డిసెంబర్ 31న ఇచ్చిన రిపోర్టు 2024 ఆగస్టు 19న గానీ బయటికి రాలేదు. తనని వేధించినవాడికే మర్నాడు భార్యగా నటించి కౌగిలించుకోవలసి వచ్చిన నటి సంగతి అందులో ఉంది. ఒక్క షాట్‌కి 17 టేకులయ్యాయి. "ఈమెకి ప్రొఫెషనలిజం లేదు" అని అప్పుడు సెట్‌లో ఎవరో ఒకరు అనే ఉంటారు. మన తెలుగు పరిశ్రమలో వేధింపుల మీద తెలంగాణలో వేసిన సబ్ కమిటీ రిపోర్టు బయటపెట్టమని అదే నెలలో సమంత అడిగింది. అంత పెద్ద నటే అడగాల్సి వస్తే, మన ఊళ్ళో మొదటి వేషం వేసే పిల్ల గట్టిగా డిలీట్ చెయ్యమనగలిగిందంటే, నాకైతే ముచ్చటేసింది.

వంశధార_ఎడిటర్:
రైటర్ గారూ, ఎడిటర్‌గా నాకు అంతకంటే ముందు ఒక భయం ఉంది. ఆ క్లిప్ ఇప్పుడు ఎక్కడెక్కడ ఉంది?

చీపురుపల్లి_రైటర్:
కెమెరా కార్డులో, డైరెక్టర్ లాప్‌టాప్‌లో. "సూపర్ వచ్చింది చూడు" అని నిర్మాత బావమరిదికి వాట్సాప్‌లో కూడా పెట్టాడు.

వంశధార_ఎడిటర్:
ఉంచాలా తియ్యాలా అన్నది తర్వాత చూసుకోండి. ముందు ఆ బావమరిది ఫోన్‌లోంచి తీయించండి. అతను ఇంకెవరికైనా పంపాడేమో అడగండి. షూటింగ్ ఫుటేజ్ వాట్సాప్‌లో తిరగడమే మన దగ్గర ఉన్న అసలు జబ్బు.

కళింగపట్నం_కెమెరా:
ఇది మాత్రం నిజం. మా దాంట్లో కూడా రషెస్ అందరి ఫోన్లలో ఉంటాయి.

రీలు_మాస్టారు:
బావమరిదికి పంపడం తప్పే, అక్కడ నేను కూడా మీ వైపే. షాట్ మీద నా మాట అదే.

చీపురుపల్లి_రైటర్:
అందరికీ థాంక్స్. డైరెక్టర్‌కి ఈ చర్చ మొత్తం పంపాను, చదివాడు. ఏమీ అనలేదు. నుదురు ఆనించే టేక్ ఒకటి మొదట తీసింది ఉంది, కొంచెం ఫోకస్ పోయింది, అంతే. వచ్చే వారం డబ్బింగ్. ఎడిట్ చూపిస్తేనే మైకు ముందుకి వస్తానని ఆ అమ్మాయి కబురు పంపింది.

మూడులాంతర్లు:
చూపించండి. ఆ సీన్ చూపించేటప్పుడు గదిలో ఎవరెవరు ఉంటారో కూడా ముందే చెప్పండి ఆమెకి.